ముడుల తాడు హాల్టర్, 12 అడుగుల తాడు: వాడుతున్నవాళ్ళ మాటగా ఒక రివ్యూ

గుర్రాన్ని కొట్టకుండా, భయపెట్టకుండా మచ్చిక చేసుకోవాలని మొదలుపెట్టేవాళ్ళు ముందు అడిగేది "ఏం కొనాలి?" అనే. జీను తర్వాత, కళ్ళెం తర్వాత. ముందు ఒక ముడుల తాడు హాల్టర్ (గుర్రం తలకి తొడిగే తలకట్టు), దానికి 12 అడుగుల పొడవున్న బరువైన తాడు కొనండి. షాద్‌నగర్ వైపు ఒక ఫామ్‌లో ఉన్న మా మార్వారీ జాతి ఆడగుర్రానికి నేను వాడేది ఇదే. బాగున్నవీ బాగాలేనివీ రెండూ రాస్తాను, ఎందుకంటే ఆన్‌లైన్‌లో వీటిని అమ్మేవాళ్ళు సైజు, రంగు తప్ప ఇంకేమీ చెప్పరు.

హాల్టర్‌లో నోట్లో పెట్టే ఇనుము (బిట్) ఉండదు. ఒకే పొడవాటి సన్న తాడుని ముడులు వేస్తూ గుర్రం తలకి సరిపోయేలా కడతారు. ముక్కు మీదుగా ఒక వరస, చెవుల వెనక నుంచి ఇంకో వరస వస్తాయి, చేతిలో పట్టుకునే తాడుని గడ్డం కింద తగిలిస్తారు. మన దగ్గర మామూలుగా దొరికేది వెడల్పాటి నైలాన్ పట్టీ హాల్టర్. అది వెడల్పుగా ఉంటుంది కాబట్టి గుర్రం దాని మీద బరువంతా వేసి ఎంతసేపైనా లాగగలదు, దానికి పెద్దగా ఏమీ అనిపించదు. పైగా ఆపకుండా లాగుతుంటే ఎదురు లాగడం గుర్రం స్వభావం. మూడు నాలుగు వందల కిలోల జంతువుతో బలపరీక్షకి దిగితే ఎవరు గెలుస్తారో వేరే చెప్పక్కర్లేదు.

సన్న తాడు అలా కాదు. చిటికెన వేలితో లాగినంత ఒత్తిడి కూడా ముక్కు ఎముక మీద, చెవుల వెనక స్పష్టంగా తెలుస్తుంది. ఈగ వాలితే చర్మం విదిలించే జంతువు అది, దానికి అంతకన్నా ఎక్కువ అవసరం లేదు. గుర్రం బరువు తాడు మీద ఉన్నంతసేపూ ఒత్తిడి ఉంటుంది, అది ఒక్క అడుగు మన వైపు వేయగానే తాడు సడలిపోతుంది. గుర్రం నేర్చుకునేది ఆ సడలిన క్షణంలోనే. అమెరికా పశ్చిమ ప్రాంతంలో గుర్రాలకి శిక్షణ ఇచ్చిన టామ్ డోరెన్స్ (1910–2003), ఆయన దగ్గర నేర్చుకున్న రే హంట్ లాంటివాళ్ళు జీవితమంతా చెప్పింది ఈ సడలింపు గురించే. అడగడం ఎంత మెల్లగా అడగాలి, వదలడం ఎంత త్వరగా వదలాలి అని.

దీనికి "గుర్రాల భాష" అని పేరు పెట్టి, ఏదో అతీతమైన శక్తి ఉన్నట్టు మాట్లాడేవాళ్ళు కూడా ఉన్నారు. నాకు అది నచ్చదు. గుండ్రటి దొడ్డిలో గుర్రాన్ని పరిగెత్తించి, అది మన వైపు తిరిగాక వెంట నడిచేలా చేసే పద్ధతి అమెరికా గుర్రాల శిక్షకుడు మాంటీ రాబర్ట్స్ పేరుతో ప్రపంచమంతా తెలిసింది. సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు అదే పనిని మనిషి బదులు రిమోట్ కారుతో చేసి చూశారు, గుర్రాలు ఆ కారు దగ్గరికి కూడా వచ్చాయి. నాకైతే ఇది మంచి వార్త. మనిషి ఒంటి తీరులో మాయ ఏమీ లేదు, ఒత్తిడి ఎప్పుడు ఆగిందన్నదే అసలు విషయం అంటే, ఓపిక ఉన్న ఎవరైనా నేర్చుకోవచ్చు. నమ్మకం అక్కడి నుంచే పుడుతుంది. ఈ మనిషి అడుగుతాడు, ఇస్తే వదిలేస్తాడు అని గుర్రానికి ప్రతిసారీ అదే అనుభవం కావాలి.

మా గుర్రం ఇదివరకు పెళ్ళి ఊరేగింపుల్లో తిరిగింది. మాకు వచ్చేనాటికి నోటి మూలల్లో పాత గాయాల మచ్చలున్నాయి, చెయ్యి మూతి దగ్గరికి వస్తే చాలు తల ఆకాశానికి ఎత్తేసేది. ముళ్ళ కళ్ళెం పని అది. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో వచ్చిన కేంద్ర నిబంధనల్లోనే ముళ్ళున్న బిట్లు వాడకూడదని ఉంది. అయినా మన ఊళ్ళల్లో బ్యాండ్ మేళం ముందు నిలబడ్డ గుర్రాల నోట్లోకి ఒకసారి చూడండి. అలాంటి గుర్రానికి నోరు పూర్తిగా వదిలేసి ముక్కు మీద మాత్రమే మాట్లాడే వస్తువు దొరకడం ఎంత పెద్ద సంగతో నేను చెప్పలేను. మొదట హాల్టర్ తొడగలేదు. తాడు చివరని మెడ మీద, వీపు మీద మెల్లగా వేసి తీయడం, అది నిలబడి ఊపిరి వదలగానే ఆపేయడం, అంతే. మార్వారీ చెవులు లోపలికి తిరిగి కొసలు దాదాపు తాకేలా ఉంటాయి కదా, ఆ చెవుల్లో ఒకటి నా వైపు తిరిగిందంటే వింటోందని అర్థం. రెండూ వెనక్కి అతుక్కుంటే నేను దూరం జరిగేదాన్ని.

మా లాయంలో గుర్రాల్ని చూసుకునే పెద్దాయన, ఇలాంటి పద్ధతులు నేర్పే అమెరికా శిక్షకుడు పరెల్లీ పేరు గానీ, డోరెన్స్ పేరు గానీ విన్నవాడు కాదు. నేను తాడు పట్టుకుని ఇంకా లాగుతుంటే దూరం నుంచి చూసి "బిడ్డా, అది ఇచ్చింది గదా, ఇగ నువ్వు గూడ ఇయ్యాలె" అన్నాడు. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు నాకు.

ఇప్పుడు వస్తువు సంగతి. హాల్టర్ చవకదైనా ఫర్వాలేదు, డబ్బు తాడు మీద పెట్టండి. పడవలకి వాడే రెండు పొరల పాలిస్టర్ అల్లిక తాడు, 12 నుంచి 14 మిల్లీమీటర్ల మందం ఉన్నది సరైనది. దానికి బరువు ఉంటుంది కాబట్టి చేతిలో కొంచెం ఊపితే అల లాగా హాల్టర్ దాకా వెళ్తుంది, వదిలితే వెంటనే కిందికి వేలాడుతుంది, అంటే సడలింపు గుర్రానికి తక్షణం తెలుస్తుంది. నూలు తాడు చేతికి మెత్తగా ఉంటుంది గానీ వానకి తడిస్తే బిర్రబిగుసుకుపోతుంది. నైలాన్ తడిస్తే సాగుతుంది. నేను మొదట ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర తెప్పించిన సెట్‌లో తాడు మరీ తేలిక, పైగా దాని ఇత్తడి కొక్కెం ఇంత పెద్దది, ఊపినప్పుడల్లా గుర్రం దవడకి తగిలేది. వాళ్ళకి రాస్తే సమాధానం లేదు. కొక్కెం లేకుండా ఉచ్చు వేసి కట్టుకునే తాడు తీసుకున్నాక ఆ ఇబ్బంది పోయింది. తగిలించడానికి కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

ముక్కు మీద రెండు ముడులున్న హాల్టర్ తీసుకోండి. నాలుగు ముడులున్నది గట్టిగా పనిచేస్తుందని అమ్ముతారు, చెయ్యి మెత్తబడని వాళ్ళ చేతిలో అది శిక్షే. తాడు మరీ సన్నగా, కర్రలా బిగుసుగా ఉన్నా అంతే. సైజుల విషయంలో మార్వారీ తల సన్నగా ఉంటుంది కాబట్టి మాకు ఫుల్ సైజు వదులైంది, దానికన్నా ఒక సైజు చిన్నదైన కాబ్ సరిపోయింది. కథియవాడీ జాతి గుర్రమైతే ఇంకా చిన్నది చూడాల్సి రావచ్చు. ముడులు విప్పి జరుపుకోవచ్చు గానీ ఓపిక కావాలి. ముక్కు వరస ఎముక మీదే ఉండాలి. కిందికి జారి మెత్తటి భాగం మీద కూర్చుంటే ఊపిరికి అడ్డం, గుర్రం నోటితో గాలి పీల్చుకోలేదు. కట్టాక మిగిలిన తాడు కొస కంటి వైపు కాకుండా వెనక్కి ఉండేలా చూడండి.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినకండి. ఈ హాల్టర్‌తో గుర్రాన్ని కట్టేసి వెళ్ళిపోకూడదు. బెదిరి వెనక్కి లాగితే ఇది తెగదు, మెడకి దెబ్బ తగులుతుంది. తప్పనిసరిగా కట్టాల్సి వస్తే గుంజకీ తాడుకీ మధ్య పురికొస ముక్క పెట్టండి, అది తెగిపోతుంది. లాయంలోనో మేతకో వదిలేటప్పుడు తీసేయాలి, గోక్కుంటుంటే వెనక కాలి డెక్క ఇరుక్కుంటుంది. వాహనంలో తీసుకెళ్ళేటప్పుడు తోలు హాల్టర్ వాడండి. తాడుని చేతికి చుట్టుకోవద్దు, వేళ్ళు పోయినవాళ్ళున్నారు.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అర తగ్గించింది, దీంతో పాటు ఎలా వాడాలో ఒక్క కాగితమైనా ఇవ్వనందుకు. దగ్గర్లో మంచి పాలిస్టర్ తాడు దొరికితే, ఆరు మిల్లీమీటర్లది దాదాపు 22 అడుగులు తీసుకుని హాల్టర్ మీరే కట్టుకోవచ్చు, ముడుల వరస చూపించే వీడియోలు చాలానే ఉన్నాయి. బారాత్ గుర్రాలు పెంచేవాళ్ళు మీకు తెలిసుంటే వాళ్ళకి కూడా ఒకటి కట్టి ఇవ్వండి, నేను ఇచ్చిన ఇద్దరిలో ఒకాయన ఇప్పుడు తెల్లవారుజామున నడకకి దాన్నే వాడుతున్నాడు.