వంపు కత్తెర, స్టీలు దువ్వెన: జున్నుకి ఇంట్లోనే కటింగ్

ముందే చెప్పేస్తాను. పూడుల్‌లాంటి ఉంగరాల జుట్టు కుక్కకి ఇంట్లో కత్తెరతో కటింగ్ చెయ్యొచ్చు, చూడ్డానికి బాగానే వస్తుంది. కానీ పార్లర్ డబ్బులు మిగులుతాయన్న ఒక్క లెక్కతో మొదలుపెడితే మాత్రం మధ్యలోనే వదిలేస్తారు. డబ్బులు మిగిలేది నిజమే, టైమే పోతుంది. మా జున్ను టాయ్ పూడుల్, ఐదు కిలోలు కూడా ఉండడు. అయినా ఆదివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకి గానీ తేలదు. "ఇంకెంతసేపు, వాడికి ఆకలెయ్యదా?" అని లోపల్నుంచి అమ్మ కేకేస్తూనే ఉంటుంది.

మూడేళ్లు పైబడి వాడుతున్న సామాను ఇది: ఏడు అంగుళాల వంపు కత్తెర, మొనలు గుండ్రంగా ఉండే నాలుగున్నర అంగుళాల చిన్న కత్తెర, జుట్టుని పల్చబరిచే పళ్ల కత్తెర, పొడవాటి స్టీలు దువ్వెన, సన్నటి తీగ పళ్లుండే స్లికర్ బ్రష్. ఒక చిన్న ట్రిమ్మర్ కూడా ఉంది, దాని సంగతి తర్వాత.

ట్రిమ్మర్ ఉండగా కత్తెరెందుకని చాలామంది అడుగుతారు. పూడుల్ జుట్టు ఇంట్లో పెద్దగా రాలదు, రాలిందీ ఉంగరాల్లోనే చిక్కుకుపోతుంది. పైగా మన జుట్టులాగే పెరుగుతూ పోతుంది కాబట్టి ఆరేడు వారాలకోసారి కత్తిరించక తప్పదు. ట్రిమ్మర్‌కి పొడవు గార్డు (బ్లేడు మీద బిగించే దువ్వెన) తగిలిస్తే ఉంగరాల్లో ఇరుక్కుంటుంది, గార్డు లేకపోతే నున్నగా గొరిగేస్తుంది. హైదరాబాద్ ఎండలకి గుండు చేస్తే కుక్కకి చల్లగా ఉంటుందనుకుంటారు గానీ, చర్మం బయటపడితే ఎండ నేరుగా తగిలి కందిపోతుంది. నేను మే నెలలో కూడా ఒక అంగుళం ఉంచుతాను. దానికి కత్తెరే వీలు. ట్రిమ్మర్ చప్పుడుకి జున్ను వణకడం ఇంకో కారణం.

వంపు కత్తెర గురించి చెప్పాలంటే, ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి. పూడుల్ తల, బుగ్గలు, కాళ్లు, తోక చివరి బంతి, అన్నీ గుండ్రమే. తిన్నటి కత్తెరతో ఎంత జాగ్రత్తగా కోసినా మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. వంపు కత్తెర ఆ గుండ్రాన్ని తనే పట్టుకుంటుంది. పట్టుకునే పద్ధతి మాత్రం అలవాటు కావాలి. ఒక రింగులో బొటనవేలి కొస, ఇంకో రింగులో ఉంగరపు వేలు పెట్టాలి, చిటికెన వేలు పక్కనున్న కొక్కెం మీద ఆనాలి. కదలాల్సింది బొటనవేలొక్కటే. కింది బ్లేడు కదలకుండా నిలిస్తే గీత చక్కగా వస్తుంది.

మధ్యలో ఉండే స్క్రూని చాలామంది పట్టించుకోరు. దాన్ని పరీక్షించడం తేలిక: ఒక రింగు పట్టుకుని, రెండో బ్లేడుని పైకి తెరిచి వదలండి. మెల్లగా దిగి సగం దారిలో ఆగితే సరిగ్గా ఉన్నట్టు. టపీమని మూసుకుంటే వదులైనట్టు, అప్పుడు జుట్టు తెగకుండా రెండు బ్లేడ్ల మధ్య మడత పడుతుంది, కుక్కకి లాగినట్టై కాలు వెనక్కి తీసుకుంటుంది. అసలు దిగకపోతే బిగుతైనట్టు, సాయంత్రానికి మీ బొటనవేలు నొప్పెడుతుంది.

ఇంట్లో ఉన్న కత్తెర సరిపోదా అంటే, సరిపోదు. అమ్మ బ్లౌజులు కుట్టే మీరట్ కత్తెర బట్టకి తిరుగులేనిది. మీరట్ కత్తెరలకి 2013లో జీఐ గుర్తింపు (ఆ ఊరి ప్రత్యేక వస్తువని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, ఊరికే రాలేదు. అయితే అది బట్ట కోసం చేసిన బరువైన వస్తువు. మెత్తటి జుట్టుని కోయదు, ముందుకి తోస్తుంది.

అసలు శ్రమంతా కత్తెర పట్టకముందే ఉంది. స్నానానికి ముందే చిక్కులన్నీ తీసెయ్యాలి, ఎందుకంటే తడిస్తే చిక్కు ఇంకా బిగుసుకుంటుంది. స్లికర్ బ్రష్‌తో పైపైన దువ్వి బాగుందనుకుంటే మోసపోతాం. జుట్టుని పాయలుగా విడదీసి, చర్మం దగ్గర్నుంచి స్టీలు దువ్వెన దించాలి. అది ఎక్కడ ఆగితే అక్కడ చిక్కున్నట్టే. చెవుల వెనక, చంకల్లో, తొడల లోపల, హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీ) రాసుకునే చోట తప్పకుండా ఆగుతుంది. ఎనిమిది నెలల నుంచి ఏడాదిన్నర వయసు మధ్య పిల్లజుట్టు పోయి పెద్దజుట్టు వస్తుంది, అప్పుడైతే రోజూ దువ్వినా అట్టకడుతుంది. ఆ దశలోనే పార్లర్‌లో ఒకసారి జున్నుని నున్నగా గొరిగి పంపారు. ముందు కోపమొచ్చింది గానీ వాళ్లని తప్పుపట్టలేను, ఒళ్లంతా అట్టకట్టాక అదొక్కటే దారి.

స్నానం కూడా తప్పనిసరి. దుమ్ము పట్టిన జుట్టుని కోస్తే కత్తెర పదును త్వరగా పోతుంది. తర్వాత డ్రయ్యర్ తక్కువ వేడి మీద పెట్టి, గాలి తగులుతున్న చోటే బ్రష్‌తో పైకి దువ్వుతూ ఆరబెట్టాలి. ఉంగరాలు విప్పుకుని జుట్టు నిటారుగా లేస్తుంది, అప్పుడే కోయాలి. వాటంతటవే ఆరిన ఉంగరాల మీద కోస్తే ఆ పూటకి బాగానే కనిపిస్తుంది, మర్నాడు దువ్వగానే ఎలుకలు కొరికినట్టు ఉంటుంది.

ఇక జాగ్రత్తల్లో అన్నిటికంటే ముఖ్యమైనది: అట్టకట్టిన ముద్దని కత్తెరతో కోయొద్దు. ముద్దని పట్టి లాగినప్పుడు దానితోపాటు చర్మం కూడా పైకి లేస్తుంది, జుట్టేదో చర్మమేదో కంటికి తెలియదు. కుక్కల చర్మం పల్చన, ఇట్టే తెగుతుంది, కుట్లు పడతాయి. చిన్న ముద్దైతే కాస్త కార్న్‌ఫ్లోర్ (మొక్కజొన్న నుంచి తీసే తెల్లటి మెత్తటి గంజిపిండి) చల్లి, వేళ్లతో చీల్చి, కొసల నుంచి దువ్వెనతో విప్పొచ్చు. విడిపోకపోతే ట్రిమ్మరే. పొట్ట కింద, మలద్వారం చుట్టూ కూడా ట్రిమ్మరే వాడతాను. అందుకే పూర్తిగా కత్తెరతోనే అయిపోతుందని చెప్పలేను.

చెవి అంచు దగ్గర ఇంకో గండం ఉంది. అక్కడ జుట్టు చర్మం కంటే చాలా కిందికి వేలాడుతుంది, చర్మం ఎక్కడ ఆగిందో కనబడదు. రెండు వేళ్లతో చెవిని తడుముతూ అంచు దాకా వచ్చి, అక్కడే వేళ్లు బిగించి, వేళ్లకి కిందున్న జుట్టే కోస్తాను. చెవి బయటి అంచున చిన్న చర్మపు మడత ఒకటుంటుంది, దాన్ని వేలితో వెతికి పక్కకి పెట్టుకోవాలి. వెనక తొడ, పొట్ట కలిసే చోట సాగే చర్మం కూడా ఇంతే. మిగతా ఒంటి మీద ఒకటే సూత్రం: దువ్వెనని చర్మానికి, కత్తెరకి మధ్య అడ్డుపెడితే భయం లేదు.

కళ్ల దగ్గర, పాదాల దగ్గర గుండ్రటి మొనల చిన్న కత్తెర తప్ప ఇంకోటి వాడొద్దు. ఎడమచేత్తో గడ్డం కింద పట్టుకుని, మొనలు కంటి వైపు లేకుండా చూసుకుని, కొద్దికొద్దిగా తియ్యాలి. అరికాలి మెత్తల మధ్య జుట్టు మెత్తలతో సమానంగా తీసేస్తే నున్నటి టైల్స్ మీద జారడం బాగా తగ్గుతుంది, వానాకాలంలో బురద ఇంట్లోకి రావడం కూడా. ధర ప్రకారం చూస్తే అన్నిటికంటే చౌకైన ఈ చిన్న కత్తెరే రోజూ చేతిలో ఉంటోంది.

పళ్ల కత్తెర నాకు నచ్చలేదు. తల, చెవి కలిసే చోట గీత కనపడకుండా కలపడానికి కొన్నాను. చౌక రకం కావడంతో జుట్టుని కోసేకన్నా పీకుతోంది. ఐదుకి రెండిస్తాను. వంపు కత్తెరకి నాలుగున్నర, దువ్వెనకి ఐదుకి ఐదు.

పదును విషయంలో ఒక మాట. సాన పడతామంటూ వీధిలోకి సైకిల్ మీద వచ్చేవాళ్లకి ఈ కత్తెర ఇవ్వొద్దు. బ్లేడు బయటి వైపు ఉబ్బెత్తుగా, అంచు సన్నగా ఉంటుంది. మామూలు సానరాయి మీద ఆ ఆకారం పోతే మళ్లీ రాదు. సెలూన్ కత్తెరలకి పదును పెట్టేవాళ్ల దగ్గరికి పంపుతాను. వాడిన ప్రతిసారీ తుడిచి, స్క్రూ దగ్గర ఒక చుక్క నూనె వేస్తే చాలాకాలం పంపే పనే ఉండదు.

పాదం ముట్టుకుంటే కరిచే కుక్కైతే ఇది మీ పని కాదు, చెయ్యి తిరిగినవాళ్లకే వదిలెయ్యండి. పొమేరియన్, గోల్డెన్ రిట్రీవర్‌లాంటి రెండు పొరల జుట్టు ఉన్నవాటికి అసలు ఇలాంటి కటింగే అక్కర్లేదు, దువ్వితే చాలు. గోళ్ల జోలికి నేను కూడా పోను. జున్నువి నల్ల గోళ్లు, లోపల రక్తనాళం ఎక్కడిదాకా వచ్చిందో బయటికి కనపడదు, వాటికి మాత్రం వెట్ దగ్గరికే తీసుకెళ్తాను.