రింగుల గుంతా, ఇటుకల ట్యాంకా, రెడీమేడ్ ప్లాస్టిక్‌దా: ఊరికి దూరంగా ఉన్న షెడ్డు మురుగుకి ఏది మేలు?

హొస్కోటె దాటి చింతామణి రోడ్డులో మాకో చిన్న ప్యాకింగ్ షెడ్డు ఉంది. పగలు పన్నెండు మంది పని చేస్తారు, రాత్రికి వాచ్‌మన్ దంపతులు మిగులుతారు. రెండు మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే కుళాయి, టిఫిన్ బాక్సుల సింకు. డ్రైనేజీ లైను అన్న మాటే లేదు అటువైపు. బెంగళూరులో అద్దెలు తట్టుకోలేక తోటలో ఆఫీసు పెట్టుకుందామనుకునే మనవాళ్లు మురుగుకి ఏం పెట్టాలని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, అందుకే నేను కట్టించినవీ, పక్కన చూసినవీ, కొనబోయి ఆగినదీ కలిపి రాస్తున్నాను.

మేస్త్రీ ముందు చెప్పేది రింగుల గుంత. "ఎనిమిది సిమెంటు రింగులు దించేస్తే పదేళ్లు తిరిగి చూసే పనుండదు సార్, నీళ్లు భూమే తాగేస్తుంది" అన్నాడు మా మేస్త్రీ, కోలారు వైపు తెలుగువాడు, మాట తీయగా ఉంది, లెక్క అంతకన్నా తీయగా ఉంది, సరే అన్నాను. మొదటి ఏడాది నిజంగానే తాగింది. రెండో వానాకాలానికి మట్టి రంధ్రాలు మడ్డితో పూడిపోయి, ఫ్లష్ నొక్కితే గుడగుడమని నీళ్లు పైకి రావడం మొదలైంది. అసలు తప్పు అది కూడా కాదు. అడుగు లేని గుంతంటే పచ్చి మురుగు నేరుగా భూమిలోకి పోతోందనే కదా. మన వైపు బోరు వెయ్యి అడుగులున్నా కేసింగ్ పైపు గట్టిరాయి తగిలేదాకానే వేస్తారు, ఆ కింద అంతా రాతి పగుళ్లే, పై నీరు ఏ పగులు పట్టుకుని ఎవరి బోరులో తేలుతుందో చెప్పలేం. తాగునీటి బావికీ బోరుకీ మురుగు ఇంకే చోటుకీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే అరవై అడుగులు ఉండాలన్నది ప్రమాణం. మా గుంత నుంచి పక్కవాళ్ల బోరు నలభై అడుగులు. కొలిచిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అలాగని రింగుల్ని మొత్తంగా తిట్టను. రెండు గుంతలు తీసి, మధ్యలో ఒక మళ్లింపు పెట్టి, ఒకటి నిండాక మూసేసి రెండోదాన్ని వాడుకుంటూ మొదటిదాన్ని ఒకటి రెండేళ్లు ఆరనిస్తే లోపలిది పొడి ఎరువైపోతుంది, లారీ అక్కర్లేదు. మరుగుదొడ్డిలో మగ్గుతో నీళ్లు పోసే ఐదుగురి ఇంటికి, నీటిమట్టం బాగా లోతున ఉన్న చోట అది చక్కటి పద్ధతి. ఫ్లష్ ట్యాంకు, సింకు, పన్నెండు మంది ఉన్న చోట మాత్రం ఆ నీటికి గుంత ఆరే సందే ఉండదు.

ఇప్పుడు వాడుతున్నది ఇటుకలతో కట్టి, లోపల నున్నగా సిమెంటు పూసిన రెండు గదుల సెప్టిక్ ట్యాంకు, దాని వెనక ఆ ట్యాంకులో తేరిన నీరు భూమిలోకి పోయే ఇంకుడు గుంత. సైజు లెక్క సులువే. పని చేసే చోట మనిషికి రోజుకి 45 లీటర్లు వేసుకుంటే పన్నెండు మందికి 540 లీటర్లు. సెప్టిక్ ట్యాంకులకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 2470లో ఇళ్ల లెక్కన పది మందికి రెండేళ్లకోసారి శుభ్రం చేసేలా 2 మీటర్ల పొడవు, 0.9 వెడల్పు, 1.4 నీటి లోతు చెప్తారు, అంటే సుమారు 2,500 లీటర్లు. పగటిపూట మాత్రమే ఉండే పన్నెండు మందికీ, ఆ ఇద్దరికీ ఇది ధారాళంగా సరిపోతుంది. నీటి పైన ఇంకో అడుగు ఖాళీ వదలాలి. పెద్దది కడితే ఇంకా మంచిదని మేస్త్రీలు అంటారు, ఇటుకల బిల్లు పెరగడం తప్ప పెద్ద లాభమేమీ లేదు.

ఇందులోనూ దెబ్బ తిన్నాను లెండి. నీరు బయటికి పోయే చోట T ఆకారంలో ఉండే 'టీ' పైపు పెట్టాలి, దాని కింది కాలు నీటిలో మునిగి ఉంటుంది కాబట్టి పైన తేలే తెట్టు, అడుగున మడ్డి రెండూ లోపలే ఆగి మధ్యలోని తేట నీరు మాత్రమే దాటుతుంది. మా కాంట్రాక్టరు అక్కడ మామూలు పైపు ముక్క దూర్చి మూత పెట్టేశాడు. ఏడు నెలలకి ఇంకుడు గుంతలో కంకర మీద జిడ్డు పొర, ఒక గులాబీ రంగు షాంపూ ప్యాకెట్టుతో సహా. గుంత మళ్లీ తవ్వించాను. కాబట్టి మూత వేసేముందు మీరే టార్చి పట్టుకుని చూడండి, ఎవరి మాటా నమ్మొద్దు.

ట్యాంకు కన్నా ముఖ్యమైనది ఆ తర్వాతి గుంత. గునపంతో అడుగు లోతు గుంట తీసి, రాత్రంతా నీళ్లు నింపి నానబెట్టి, పొద్దున మళ్లీ పోసి అంగుళం దిగడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. మా ఎర్రమట్టిలో పదిహేను నిమిషాలు పట్టింది. గంట దాటితే ఆ నేల ఇంకుడు గుంతకి పనికిరాదు, ఎంత మంచి ట్యాంకు పెట్టినా నీరు ఎక్కడికీ పోదు.

రెడీమేడ్ ప్లాస్టిక్ ట్యాంకు ఖరీదెక్కువే గానీ రెండు మూడు రోజుల్లో పనైపోతుంది, లీకుల గొడవ తక్కువ. మేస్త్రీ పనితనం మీద నమ్మకం లేనివాళ్లకి నేను దీన్నే చెప్తాను, కానీ నీటిమట్టం పైకొచ్చే చోట వద్దు. చెరువు కట్ట కింద ఉన్న పక్క నర్సరీవాళ్లు వానల్లో దాన్ని ఖాళీ చేయించారు. తెల్లారి చూస్తే మట్టి చీల్చుకుని ఎనుము వీపులా పైకి లేచి ఉంది, పైపులన్నీ విరిగిపోయాయి. పూడ్చేటప్పుడు లోపల నీళ్లు నింపుతూ పూడ్చాలి, అడుగున కాంక్రీటు పలక వేసి బిగించాలి, పైన బండ్లు తిరగకూడదు.

కొనబోయి ఆగింది బయో డైజెస్టర్, అంటే బ్యాక్టీరియాతో మలాన్ని కుళ్లబెట్టే ట్యాంకు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ మంచు కొండల్లోని సైనికుల కోసం తయారుచేసినది, రైళ్లలో పెట్టిందీ ఆ రకమే, దాన్ని తక్కువ చెయ్యను. అమ్మే కుర్రాడు "నీళ్లు నేరుగా మొక్కలకే సార్" అన్నాడు. కూరగాయలు ప్యాక్ చేసే చోట ఆ మాటకే వెనక్కి తగ్గాను, ఎందుకంటే బయటికొచ్చే నీటిలో రోగక్రిములు పూర్తిగా చావవు, దానికీ ఇంకుడు గుంత కావాల్సిందే. పైగా రోజూ ఫినాయిలూ యాసిడ్‌తో కడిగే అలవాటున్న చోట ఏ ట్యాంకులోనూ బ్యాక్టీరియా బతకదు. మా దగ్గర కడిగే ఆమెకి సబ్బు నీళ్లు చాలని ఒప్పించడానికి నెల పట్టింది.

ఏది పెట్టినా మూత దగ్గరికి లారీ రాగలగాలి. మనిషిని మాత్రం దించొద్దు, రక్షణ సామగ్రి లేకుండా దించితే 2013 చట్టం ప్రకారం నేరం, దించినవాడు చనిపోతే ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షలకి పెంచింది. మూత తీశాక కాసేపు దూరంగా నిలబడండి, బీడీ వెలిగించనివ్వొద్దు. లోపలి గ్యాసు మోతాదు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. లారీ అతన్ని ఎక్కడ పోస్తావని కూడా అడగండి, దేవనహళ్లిలో 2015 నుంచి మడ్డి శుద్ధి చేసే కేంద్రం ఉంది, చాలామందికి అది దూరం కాబట్టి ఏ కుంటలోనో వదిలేస్తారు.

ఆరు నెలలకోసారి వెదురు కర్రకి పాత తెల్ల టవలు చుట్టి ట్యాంకు అడుగుదాకా దించి తీస్తాను, నల్ల మరక ఎంత ఎత్తుకుంటే మడ్డి అంత. నీటి లోతులో మూడో వంతు, అంటే మా ట్యాంకులో పద్దెనిమిది అంగుళాలు చేరితే లారీని పిలవాలి. మొన్న ఆదివారం తొమ్మిది.