ఇంజన్ హీటెక్కే బండికి ఓబీడీ స్కానర్: చాలాకాలం వాడాక నా మాట

మీటర్లో టెంపరేచర్ ముల్లు మధ్యలో ఉంది కదా అని నిశ్చింతగా నడిపేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చాలా కార్లలో ఆ ముల్లు ఇంచుమించు 75 డిగ్రీల నుంచి 105 దాకా ఒకేచోట నిలబడేలా కంపెనీవాళ్లే పెడతారు. ఊరికే కదులుతుంటే జనం కంగారుపడి సర్వీస్ సెంటర్‌కి వస్తారని. అది పైకి లేచేసరికి మనకి మిగిలిన టైమ్ చాలా తక్కువ. కొన్ని కొత్త మోడళ్లలో ముల్లు కూడా తీసేసి ఎర్ర లైటుతో సరిపెట్టారు.

నేను వాడే ఓబీడీ స్కానర్, అంటే బండిలోని కంప్యూటర్ నుంచి వివరాలు చదివే పరికరం, ఈఎల్ఎం327 అనే చిప్ రకం బ్లూటూత్ డాంగిల్. అసలు చిప్ కాదు, కాపీయే. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు వస్తుంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల పోర్టులో గుచ్చి, ఫోన్‌లో టార్క్ యాప్ వేసుకుంటే కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) వేడి అంకెల్లో కనిపిస్తుంది. ఎర్రర్ కోడ్‌లు చదువుతుంది, చెరుపుతుంది. ఇంకా ఏవేవో గ్రాఫులు చూపిస్తుంది గానీ వాటితో నాకు పనిపడలేదు.

నాది 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఎండాకాలం విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడిందంటే కాసేపటికి ఏసీలోంచి వేడిగాలి వచ్చేది. గ్యాస్ తగ్గిందని ఒకరు నింపారు, ఫలితం లేదు. ఇంకో మెకానిక్ ఇంజన్ హెడ్ (ఇంజన్ పైభాగం) దింపి చూడాలన్నాడు. ఆ మాట విన్నాకే డాంగిల్ ఆర్డర్ పెట్టాను.

గుచ్చి చూస్తే కథ వేరే. సిగ్నల్ దగ్గర 94, 98, 103 అంటూ ఎక్కి 108కి చేరేది. గుంటూరు హైవే ఎక్కి అరవైలో పోతుంటే కాసేపట్లోనే 90కి దిగేది. ఆగితే కాగుతోంది, కదిలితే చల్లబడుతోంది అంటే రేడియేటర్‌కి గాలి అందట్లేదన్నమాట. హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) పోయిన బండి అయితే లోడ్ మీద ఇంకా వేడెక్కాలి గానీ ఇలా బుద్ధిగా దిగదు. ఏసీలో వేడిగాలికి కారణం కూడా ఇదే. ఇంజన్ వేడి హద్దు దాటితే ఈసీయూ (బండిలోని కంప్యూటర్) ఏసీ కంప్రెసర్‌ని ఆపేస్తుంది.

బానెట్ ఎత్తి ఏసీ వేశాను. ఏసీ వేస్తే రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి, తిరగలేదు. ఫ్యూజు బాగానే ఉంది. అదే రకం హారన్ రిలే (కరెంటు అందించే స్విచ్) తీసి ఫ్యాన్ రిలే చోట పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్ కుర్రాడు స్క్రూడ్రైవర్ పిడితో మోటారు వెనక టకటకా రెండు దెబ్బలు వేశాడు. ఫ్యాన్ ఒకసారి వణికి, గుర్రుమంటూ తిరగడం మొదలెట్టింది. “బ్రష్‌లు అరిగిపోయాయన్నా, మోటారు మార్చాల్సిందే” అన్నాడు. మార్చాక ఏసీ లేకుండా ఆగి ఉంటే 97 దగ్గర ఫ్యాన్ అందుకుంటోంది, 92కి దిగాక ఆగుతోంది. హెడ్ జోలికి పోలేదు.

తర్వాత శ్రీశైలం వెళ్లినప్పుడు ఇంకో రకం చూశాను. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, అంకె మాత్రం తగ్గకుండా పెరుగుతోంది. ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌లో పెట్టి, అద్దాలన్నీ దించాం. హీటర్ కూడా చిన్న రేడియేటర్ లాంటిదే, ఇంజన్ వేడిని కొంత లాగేస్తుంది. వెనక సీట్లోంచి మా అత్తగారు “ఇదేం ఏసీ బాబూ” అన్నారు గానీ 107 కాస్తా 101కి వచ్చింది. ఊరికొచ్చి విప్పిస్తే రేడియేటర్ నిండా తుప్పురంగు బురద. పాత ఓనర్ కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి నడిపాడు. ఉప్పు పేరుకుపోయి సన్నగొట్టాలు మూసుకుపోయాయి. అల్యూమినియం రేడియేటర్ కాబట్టి కడిగించడం కంటే మార్చడమే మేలనిపించింది.

ఆ పనిలోనే షాపువాళ్లు థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వనిది) తీసి పక్కన పడేశారు. మన ఎండలకి అది అక్కర్లేదట! జనవరి పొద్దున హైదరాబాద్ రోడ్డు మీద అంకె 70 కూడా దాటకపోతే అనుమానమొచ్చింది. మైలేజీ కూడా పడిపోయింది. ఇంజన్ చాలినంత వేడెక్కట్లేదని చెప్పే పీ0128 కోడ్ చూపించి కొత్త వాల్వ్ వేయించాను.

ఈ స్కానర్ చూడలేనివీ ఉన్నాయి. రేడియేటర్ క్యాప్ సంగతి దీనికి తెలియదు. క్యాప్ ప్రెషర్ పట్టి ఉంచితే సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపిన నీళ్లు 120 దాటేదాకా మరగవు. క్యాప్ రబ్బరు ఎండిపోతే 107 దగ్గరే పొంగుతాయి. హోస్ పగిలి నీళ్లన్నీ పోతే ఇంకా ప్రమాదం. సెన్సార్ చుట్టూ నీళ్లు ఉండవు కాబట్టి అంకె తగ్గినట్టు కనిపించొచ్చు, లోపల హెడ్ వంగిపోతుంటుంది. కారణం లేకుండా అంకె ధడాలున పడిపోతే బండి పక్కకి తీసి ఇంజన్ ఆపేయాలి. పూర్తిగా చల్లారేదాకా మూత తిప్పొద్దు. మైనస్ 40 చూపిస్తే మాత్రం కంగారొద్దు, చాలావరకు సెన్సార్ ప్లగ్ ఊడి ఉంటుంది.

చిరాకులూ చెప్పాలి. కాపీ చిప్ కాబట్టి మధ్యమధ్యలో కనెక్షన్ తెగుతుంది. పోర్టుకి ఎప్పుడూ కరెంటు వస్తూనే ఉంటుంది, అందుకని ఊరెళ్తూ బండిని వారాల తరబడి వదిలేస్తే డాంగిల్ పీకెయ్యాలి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. మన దగ్గర 2013కి ముందు బండ్లయితే పోర్టు పనిచేస్తుందో లేదో చూసుకున్నాకే డబ్బులు పెట్టండి. ఐఫోన్ వాళ్లు ఈ పాత బ్లూటూత్ రకం కొనొద్దు, కనెక్ట్ అవదు. వైఫై రకం గానీ, బీఎల్ఈ అని రాసి ఉన్నది గానీ తీసుకోండి.