మూడు వేసవులు ట్యాంకర్ నీళ్లు కొన్నాక నా రివ్యూ: 5కి 2 స్టార్లు

ఇది మా అపార్ట్‌మెంట్‌కి నీళ్లు పోసే ప్రైవేటు ట్యాంకర్ సర్వీసు గురించి. పేరు రాయడం లేదు, మా చుట్టుపక్కల నేను కనుక్కున్నంతవరకు మిగతావాళ్ల పద్ధతీ ఇంచుమించు ఇదే.

మాది హైదరాబాద్ పడమటి వైపు. ఎకరం జాగాలో 96 ఫ్లాట్లు, పిల్లా పెద్దా కలిపి 330 మందిమి. అసోసియేషన్‌లో నీళ్ల సంగతి చూసే బాధ్యత నాది. మూడు బోర్లుంటే ఫిబ్రవరికల్లా రెండు గాలి కొడతాయి, మూడోది గంట నడిస్తే నాలుగు గంటలు ఆపాలి. జలమండలి (వాటర్ బోర్డు) నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి కానీ చాలవు. అందుకే మార్చి నుంచి జూన్ దాకా రోజుకు రెండు, ఒక్కోరోజు మూడు ట్యాంకర్లు.

ముందు బాగున్నవి చెప్తాను. ఫోన్ ఎత్తుతారు. రాత్రి పదకొండుకు సంపు అడుగంటిందని చెప్తే తెల్లారి ఐదున్నరకల్లా బండి గేటు దగ్గర ఉంటుంది. డ్రైవర్ పాలమూరు అతను, చాలా మర్యాదస్తుడు, పైపు వేసేటప్పుడు పిల్లలు దగ్గరికొస్తే తనే పక్కకు పంపిస్తాడు. ఒకరోజు టీ తాగుతూ "మా ఊళ్లె నీళ్లు లేకనే ఈడికొచ్చినం సార్" అన్నాడు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఆ రెండు స్టార్లూ అతనికే.

ఇక కొలత. 10,000 లీటర్లని డబ్బు తీసుకుంటారు. మా సంపు లోపల 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, అంటే నీళ్లు ఒక సెంటీమీటరు పెరిగితే 300 లీటర్లు. పంపు ఆపేసి, గోడ మీద స్కేలు గీసి, వరసగా వారం రోజులు చూశాను. పూర్తి ట్యాంకర్ అయితే 33 సెంటీమీటర్లు పెరగాలి, ఎక్కువసార్లు 29 దగ్గరే ఆగిపోయింది. అంటే 8,700 లీటర్లు. అడిగితే దారిలో తొణికిందన్నారు. రోజూ 1,300 లీటర్లు తొణుకుతాయా? ధర మార్చిలో 1,400, మే రెండో వారానికి 2,300. రసీదు అడిగితే ఇవ్వలేదు. నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపించే టీడీఎస్ మీటరు పెడితే ఒకరోజు 600, ఇంకోరోజు 1,100 చూపించింది, అంటే ఒకే బోరు నీళ్లు కావని అర్థమైంది.

ఆ నీళ్లు ఎక్కడివో చూద్దామని ఒక ఆదివారం బండి వెనకాలే బైక్ మీద వెళ్లాను. అవుటర్ రింగ్ రోడ్డు దాటి పది పన్నెండు కిలోమీటర్లు. రోడ్డు పక్కనే ఒక పొలం గట్టున నాలుగు బోర్లు, పెద్ద సిమెంటు తొట్టి, నేను నిలబడ్డ గంటన్నరలోనే పదకొండు బండ్లు నిండాయి. పక్క చేను రైతు టమాటా వేశాడు, సగం ఎండిపోయి ఉంది. రెండేళ్ల కింద 300 అడుగుల్లో పడిన నీళ్లు ఇప్పుడు 700 పోయినా లేవన్నాడు. మాది గ్రానైటు నేల, పైన మెత్తబడిన పొరలోనూ కింద రాతి పగుళ్లలోనూ తప్ప నీళ్లు నిలిచే చోటే లేదు, ఒకచోట పొద్దంతా తోడితే పక్క బోరు ఎండకుండా ఎట్లా ఉంటుంది? బోర్లకు రిజిస్ట్రేషన్ ఉండాలని నీరు, భూమి, చెట్ల కోసం తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచీ చెబుతూనే ఉంది. నేను ఆ రైతుతో ఏమీ మాట్లాడలేకపోయాను, ఎందుకంటే ఆ బండ్లలో ఒకటి మా ఇంటికే వస్తోంది.

ఇంటికొచ్చి ఒక లెక్క వేశాను, అప్పటినుంచీ నాకు నిద్ర సరిగ్గా లేదు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. మా ఎకరం మీద పడే ప్రతి చుక్కా, ఒక్కటి కూడా పోకుండా పట్టుకున్నా, 32 లక్షల లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది మన దేశంలో అనుకునే లెక్క, ఆ ప్రకారం ఆ నీళ్లు 65 మందికి వస్తాయి. మేము 330 మందిమి. ఒక చోటు ఎన్ని ప్రాణాలను ఎప్పటికీ తరగకుండా మోయగలదో దాన్ని పర్యావరణ శాస్త్రంలో ధారణ సామర్థ్యం అంటారు, చదువుకునేటప్పుడు ఏదో అడవి, జింకలు అనుకునేవాణ్ని, అది మా సంపులోనే ఉంది. మిగతా 265 మందిమీ ఇంకెవరి నేల మీది వాననో తాగుతున్నాం.

ఈ ఊరు ఎప్పుడూ అట్లాగే పెరిగింది అనుకోండి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి, అప్పుడు ఊరి జనం నాలుగైదు లక్షలు. తర్వాత 1965లో మంజీర నీళ్లు, ఆ తర్వాత సింగూరు, 2004లో కృష్ణ, 2015లో గోదావరి. నాగార్జున సాగర్ నిండినప్పుడు నీటి మట్టం 590 అడుగులు, మనం సముద్ర మట్టానికి 1,700 అడుగుల పైన ఉన్నాం, అంటే కృష్ణ నీళ్లు వెయ్యి అడుగులకు పైగా ఎక్కితేనే మన కుళాయికి వస్తాయి. 2011 లెక్కల్లో ఒక్క జీహెచ్ఎంసీలోనే 67 లక్షల మంది. హద్దు తగిలిన ప్రతిసారీ ఇంకో నది దాకా వెళ్లాం, హద్దు కూడా అక్కడికే జరిగింది. ట్యాంకర్ చేసేదీ అదే పని, చిన్న ఎత్తున. అందుకే ఎంత టైముకొచ్చినా ఈ సర్వీసుకు మూడో స్టారు ఇవ్వలేను, కొత్తగా ఒక్క లీటరు కూడా పుట్టించకుండా ఒకరి కొరతను ఇంకొకరి పొలంలోకి మోసుకెళ్తోంది.

మా మీటింగ్‌లో ఈ లెక్క చూపిస్తే ఒక పెద్దాయన "జనం ఎక్కువ కనేస్తున్నారు, అదీ అసలు సమస్య" అన్నారు. నేను ఒప్పుకోను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు, జనాభా నిలకడగా ఉండడానికి కావాల్సిన 2.1 కన్నా తక్కువే. 2022 నవంబర్‌లో ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది, అది పెద్ద సంగతే, కానీ మా సంపు ఎండడానికి ఎవరింట్లోనో మూడో బిడ్డ పుట్టడం కారణమా? ఉద్యోగాలన్నీ ఒకేచోట పెట్టి, అందరం అక్కడికే వచ్చి, ఎకరంలో 96 ఇళ్లు కట్టుకున్నాం. పైగా ఫ్లాటుకో కారు, రోజూ పైపు పెట్టి కడగడం, ఆర్వో నుంచి బయటికి పోయే నీళ్లు నేరుగా డ్రైనేజీలోకి. ఎంతమందిమి అన్నదానితో పాటు ఒక్కొక్కరం ఎంత వాడుతున్నాం అన్నది కూడా లెక్కలోకి రావాలి కదా.

ఈ సర్వీసు తీసుకోబోయేవాళ్లు సంపులో స్కేలు తప్పకుండా గీయించండి. నేను ఆ వారం కొలతలు ఫొటోలతో సహా పంపాక ట్యాంకర్ల ఓనరు ట్యాంకరుకు 200 తగ్గించాడు, నీళ్లు మాత్రం పెరగలేదు. నీళ్లు ఎక్కడినుంచి తెస్తున్నారో ఒక్కసారైనా వెళ్లి చూడండి, టీడీఎస్ ఎంతుందో రోజూ రాసి పెట్టండి.

మేము జూలైలో టెర్రస్ నీళ్లన్నీ ఎండిన రెండు బోర్లలోకి ఇంకేలా ఫిల్టర్ గుంతలు తవ్వించాం, ఫ్లాటు ఫ్లాటుకూ నీళ్ల మీటర్లు పెట్టాం. మీటర్ల మీద పెద్ద గొడవే అయింది, ఇద్దరు నాతో ఇప్పటికీ మాట్లాడటం లేదు. మొదటి నెలలోనే వాడకం నాలుగో వంతు తగ్గింది. అయినా ఇంకా 65 మంది లెక్కకు చాలా దూరంలోనే ఉన్నాం, మార్చిలో మళ్లీ ఫోన్ చేయక తప్పదు. ఈసారి రోజుకు ఒక్క ట్యాంకరే అని ఆ ఓనరుకు ఇప్పుడే చెప్పి పెట్టాను.