ఏ గడి నొక్కినా వంకాయ రంగే: కలర్ డైలాగ్‌తో మూడేళ్ళు

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా బావ ఫ్లెక్స్ షాపు. బేనర్ రంగు తేల్చుకోడానికే ఒక్కొక్కరూ అరగంట తినేస్తున్నారంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. మూడేళ్ళుగా నడుస్తోంది.

మొదట పైథాన్‌లో కిటికీలు, బటన్లు పెట్టే టీకింటర్ లైబ్రరీలోని ఆస్క్‌కలర్ పెట్టాను. రంగు ఎంచుకునే పెట్టెను, అంటే కలర్ డైలాగ్‌ని, తెరిచేది అదే. ఒక్క లైనుతో పనైపోతుంది. క్యాన్సిల్ నొక్కితే రంగుకు బదులు రెండు నన్‌లు ('ఏమీ లేదు' అనే విలువలు) వస్తాయని చూసుకోలేదు, మొదటిరోజే ప్రోగ్రాం పడిపోయింది. తర్వాత అలాంటిదే ఇంకో లైబ్రరీ, క్యూటీకి మారాను. దాని కలర్ డైలాగ్ క్యూకలర్‌డైలాగ్‌లోనూ క్యాన్సిల్ కొడితే చెల్లని రంగే వస్తుంది. వచ్చింది చెల్లే రంగేనా అని ఇజ్‌వాలిడ్ అనే ఫంక్షన్‌తో అడిగి చూసుకోవాలి. కానీ ఇందులో రంగు మారినప్పుడల్లా ప్రోగ్రాంకు సిగ్నల్ వస్తుంది కాబట్టి, కస్టమర్ చూస్తుండగానే బేనర్ నమూనా మారిపోతుంది. మా బావకి అదే నచ్చింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ పెట్టెలో ఉన్నవి కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు రంగులు. సిరిమాను సంబరానికి బేనర్ కోసం వచ్చిన పెద్దాయన దాన్ని చూసి "ఏటి బాబూ ఇది, నాకు అమ్మోరి పసుపు కావాల" అన్నాడు. మౌస్ తిప్పుతుంటే నిమ్మపండు వచ్చింది, మామిడిపండు వచ్చింది, చేమంతి వచ్చింది. ఆయన పసుపు మాత్రం రాలేదు.

ఆ రాత్రే గ్రిడ్ లేఅవుట్‌లో, అంటే అడ్డం నిలువు వరసల్లో, 12 రంగు గళ్ళు పెట్టి పేర్లు రాశాను: పసుపు, కుంకుమ, చిలకపచ్చ, నెమలికంఠం, ఉల్లిపొట్టు... చివర్న వంకాయ. లూప్‌లో లాంబ్డా (పేరు లేని చిన్న ఫంక్షన్) రాసి బటన్లకు తగిలిస్తే, అది రంగును నొక్కినప్పుడే చూసుకుంటుంది కాబట్టి, ఏ గడి నొక్కినా చివరిదైన వంకాయ రంగే వచ్చింది. ఏ గడి రంగు ఆ గడి లాంబ్డాలో ముందే ఉండిపోయేలా డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చాక గానీ కుదరలేదు.

ఇంకో మెలిక ప్రింటర్ దగ్గర. తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, ప్రింటర్ నాలుగు ఇంకులతో కలుపుతుంది. తెర మీద మెరిసే చిలకపచ్చ ఫ్లెక్స్ మీద వాడిన ఆకులా పడేది. చివరికి ఆ 12 రంగుల్నీ ఫ్లెక్స్ ముక్కల మీదే ప్రింట్ చేసి, నంబర్లేసి గోడకు కొట్టాం. ఇప్పుడు జనం తెర చూడరు. గోడ చూపించి "ఏడో నంబరు" అంటారు.

పెద్ద డైలాగ్‌ని తీసెయ్యలేదు, 'ఇంకా రంగులు' అన్న బటన్ వెనక దాచాను. అందులో మనం దాచుకునే రంగులకు 16 గళ్ళే ఉన్నాయి, అయినా చాలు. ఆ బటన్ నొక్కించేది ఎక్కువగా పెళ్ళి బేనర్లవాళ్ళే. పెళ్ళికూతురి చీర ఫొటో పంపిస్తారు. దాన్ని తెర మీద తెరిచి, తెర నుంచి రంగు తీసుకునే బటన్‌తో అంచు మీద క్లిక్ చేస్తాడు మా బావ. పట్టుచీర కదా, ఒక్కో చోట ఒక్కో రంగు వస్తుంది.