ఇండెక్స్ కార్డుల పెట్టె: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

కాకతీయుల కాలం మీద నవల రాయాలని కూర్చున్న రోజుల్లో కొన్న ఇండెక్స్ కార్డుల పెట్టెను నేను తొమ్మిదేళ్లుగా వాడుతున్నాను. మూడంగుళాలకు అయిదంగుళాల గీతల కార్డులు, అవి నిలువుగా పట్టే చెక్కపెట్టె, విభాగాల మధ్య నిలబెట్టే దళసరి అట్టలు, సరంజామా ఇంతే. ఈ కాలంలో రెండు నవలలు పూర్తయ్యాయి, మూడవది సగంలో ఉంది, కార్డులు రెండు వేలు దాటాయి.

ఒక కార్డు మీద ఒకే విషయం రాయాలన్న నియమాన్ని పాటిస్తేనే ఈ పెట్టె పనికివస్తుంది. శాసనం నుంచి తీసుకున్న విషయమైతే ఎడమ మూల శక సంవత్సరం, దాని పక్కన తెలుగు సంవత్సరం పేరు, కుడి మూల క్రీస్తు శకం, అడుగున ఆ విషయం ఏ సంపుటంలో ఏ పుటలో ఉందో రాస్తాను. శక సంవత్సరానికి 78 కలిపితే సాధారణంగా లెక్క సరిపోతుంది. పుష్యం సగం దాటాక మాత్రం 79 కలపవలసి రావచ్చు. సంవత్సరం పేరు రాయడం మొదట్లో చాదస్తంగా తోచింది గానీ, నన్ను కాపాడింది అదే. మల్కాపురం శాసనం కార్డు మీద శక 1183 అని రాయవలసిన చోట అంకెలు తారుమారై 1138 అని రాశాను. పక్కనే దుర్మతి అని ఉంది. శక 1138 ధాత సంవత్సరం అవుతుంది కనుక తప్పు నా చేతిదని వెంటనే తేలింది. లేకపోతే 1261 నాటి దానశాసనం నా నవలలో నలభై అయిదేళ్లు వెనక్కి జరిగి, రుద్రమదేవి ప్రస్తావన ఆమె తండ్రి నడివయసుకైనా రాకముందే వచ్చి ఉండేది.

పాత కార్డులను చింపకూడదని కూడా ఈ పెట్టెతోనే నేర్చుకున్నాను. రుద్రమ పాలన 1295 దాకా సాగిందని పాత చరిత్ర గ్రంథాలలో చదివి, 1292లో ఆమె కొలువు తీరిన సన్నివేశం ఒకటి అల్లుకున్నాను. ఆ తరువాత చందుపట్ల శాసనం చదివాను. ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు మరణించిన విషయం 1289లో, అంటే శక 1211 విరోధి సంవత్సరంలో వేయించిన ఆ శాసనంలో ఉంది. సన్నివేశం పోయింది. పాత కార్డును ఎర్ర సిరాతో అడ్డంగా గీసి, కొత్త కార్డు వెనకాలే ఉంచాను. ముత్‌ఫిలి (మోటుపల్లి) రాణిని, అంటే రుద్రమను, భర్త పోయాక రాజ్యమేలిన స్త్రీగా మార్కో పోలో రాశాడని చెప్పే కార్డు కూడా అక్కడే ఉంది. అది చరిత్రగా తప్పే, ఆమె గణపతిదేవుని కుమార్తె. కానీ ఓడల మీద వచ్చిన ఒక పరదేశి వర్తకుడు నా నవలలో ఆ మాటే నమ్ముతాడు.

తిరుగుడుకు వెళ్లేటప్పుడు ఇరవై ఖాళీ కార్డులు చొక్కా జేబులో పెట్టుకుంటే చాలు, నిలబడే రాసుకోవచ్చు. సముద్రతీరపు రేవు మోటుపల్లిలో వీరభద్రాలయంలోని 1244 నాటి గణపతిదేవుని అభయశాసనాన్ని ఎన్నోసార్లు అచ్చులో చదివాను. తుపానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజుల వలె దోచుకోబోమని, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని అందులో ఉంది. గుడి నుంచి బయటికి వచ్చి సముద్రపు గాలి చెవిలో హోరుపెడుతుంటే రాసిన కార్డులో మాత్రం ఆ శాసనం సంగతి ఒక్క ముక్కా లేదు, ఆ గాలిలో మనిషి ఎంత గొంతెత్తి మాట్లాడాలో ఉంది. ఇలా కంటితో చూసినవాటికి పైన ఆకుపచ్చ గీత గీస్తాను. రామప్పగుడిలో ఎర్రరాతి గోడల పైన నల్లరాతి మదనికలు సాయంకాలం ఎలా కనిపించాయో నాకు తెలుసు. గుడి కట్టిన 1213లో చూసినవాడికి ఎలా కనిపించాయో తెలియదు. ఆ రెంటినీ కలగాపులగం చేయకుండా ఉండటానికే ఈ గీత.

ఇక లోపాలు. వెతుకులాట నరకం. జాము, ఘడియల లెక్క రాసిన కార్డు కోసం ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను. జెల్ పెన్ను సిరా చెమటకు అలుక్కుపోతుంది, మామూలు బాల్ పెన్నే మేలు. ఒకసారి నలభై కార్డుల కట్ట బస్సులో మరిచిపోయాను, అది మళ్లీ దొరకలేదు. అప్పటినుంచి రాసిన రోజే ఫోనుతో ఫోటో తీసుకుంటున్నాను. వానాకాలంలో మూత ఉబ్బి బిగుసుకుపోతుంది.

పెట్టెలో నేను ఎక్కువగా తీసే విభాగం పేరు ‘ఇంకా రానివి’. మొదటి నవల తొలి ప్రతిలో సైనికుల చేత పచ్చిమిరపకాయ కొరికించాను. పదమూడవ శతాబ్దంలో ఈ నేల మీద మిరప లేదు. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, మొక్కజొన్న, పొగాకు, బొప్పాయి, జామ, జీడిమామిడి కూడా లేవు. ఒక్కొక్కదానికి ఒక్కో కార్డు ఉంది. అధ్యాయం ముగిసిన ప్రతిసారీ వాటిని ముందు పెట్టుకుని మొదటి నుంచి చదువుతాను. కంప్యూటరులో ఇలాంటి జాబితా నాకూ ఉంది గానీ, దాన్ని తెరిచి చూసిన రోజు లేదు.

సమాచారం వేలకొద్దీ పుటలున్న ఆధునిక కాలం మీద రాసేవారికి దీన్ని సూచించను, వారికి వెతికే సౌకర్యం తప్పదు. శాసనాలు, శిథిలాలు, కొన్ని పుస్తకాలు మాత్రమే ఆధారమైన కాలానికి ఇది సరిపోతుంది. మూడవ నవల కోసం రెండవ పెట్టె కొన్నాను, ఈసారి మూత లేనిది.