కనబడని భావానికి గాబ్లిన్‌ను కల్పించాలంటే: గ్రెమ్లిన్, టిటివిల్లస్, మాక్స్‌వెల్ భూతం... ఏది మేలు?

మరుపు, వాయిదా, అనుమానం లాంటి వాటికి ఒక గాబ్లిన్‌ను, అంటే అల్లరి చేసే బుల్లి దెయ్యాన్ని, అంటగట్టి దాని మీద ఉత్తుత్తి శాస్త్రం రాయాలంటే ముందు మంచి నమూనా దొరకాలి. చాలామంది చెయ్యి యంత్రాలను చెడగొట్టే గ్రెమ్లిన్ మీదికే పోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానికులు విమానంలో ఏది మొరాయించినా దాని పనే అనేవారు. చిక్కంతా అక్కడే ఉంది. అన్నిటికీ అదే కారణమైతే పాఠకుడు ఊహించుకోవడానికి ఏమీ మిగలదు, రెండో పేరాకే సరుకు అయిపోతుంది.

టిటివిల్లస్ అలా కాదు. మధ్యయుగపు ఐరోపాలో, ప్రార్థన చదివేవాళ్లు మింగేసిన అక్షరాలను ఏరి సంచిలో వేసుకునే దెయ్యం ఇతను. రోజుకు వెయ్యి సంచులు యజమానికి అప్పగించాలని 15వ శతాబ్దపు ఒక ఇంగ్లిష్ గ్రంథంలో తనే చెప్పుకుంటాడు. చేసేది ఒకటే పని, దానికో పనిముట్టు, రోజువారీ లెక్క. నవ్వు పుట్టేది ఆ లెక్క దగ్గరే. సగం మింగిన అక్షరాన్ని ఏ పద్దులో రాయాలి? అందరూ స్పష్టంగా చదివిన రోజు సంచి నిండేదెలా? వాయిదా గాబ్లిన్‌ను కూడా ఇలాగే తీర్చిదిద్దాలి. ‘పనులు ఆపుతుంది’ అని వదిలేస్తే చప్పగా ఉంటుంది. ‘రేపు’ అన్న మాట చెవిన పడితేనే కదులుతుంది, ఒక్కో రేపుకు ఒక్క ముడి వేస్తుంది, వేసిన ముడి విప్పే అధికారం దానికి లేదు అనండి. వ్యాసం దానంతటదే నడుస్తుంది.

ఇక మూడోది. భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1867లో ఊహించిన జీవికి భూతమని పేరుపెట్టింది మరో భౌతికశాస్త్రవేత్త కెల్విన్, 1874లో. రెండు గదుల మధ్య తలుపు దగ్గర నిలబడి వేగంగా వచ్చే అణువులను ఒకవైపుకు, నెమ్మదైన వాటిని రెండోవైపుకు పంపుతుంది. శ్రమ లేకుండానే ఒక గది వేడెక్కాలి. కానీ ప్రకృతిలో ఏదీ అలా ఊరికే రాదు. మరి ఖర్చెవరిది? దాచుకున్న సమాచారాన్ని, అంటే జ్ఞాపకాన్ని, చెరిపితే కొంత వేడి వెలువడక తప్పదని 1961లో భౌతికశాస్త్రవేత్త లాండవర్ చూపాడు. గది ఉష్ణోగ్రత వద్ద ఒక్క బిట్‌కు (సమాచారంలో అతి చిన్న ముక్కకు) కనీసం సుమారు 3×10⁻²¹ జౌల్‌లు. భూతం కూడా చూసినవన్నీ ఎప్పుడో ఒకప్పుడు చెరపాల్సిందే కాబట్టి బిల్లు దాని నెత్తినే పడుతుందని 1982లో మరో భౌతికశాస్త్రవేత్త బెనెట్ తేల్చాడు. ఎంత అందమైన ముడి! కాకపోతే భౌతికశాస్త్రం తెలియని పాఠకుడికి విప్పి చెప్పేసరికే సగం పేజీ అయిపోతుంది. పైగా ఆ భూతానికి స్వభావమంటూ లేదు.

అందుకే నా ఓటు టిటివిల్లస్‌కే. మాక్స్‌వెల్ భూతం నుంచి మాత్రం ఆ బిల్లు అరువు తెచ్చుకోవాలి: గాబ్లిన్ చేసే ప్రతి పనికీ అది ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. నియమాలు మూడు దాటనివ్వకండి. మినహాయింపు ఒక్కటే ఉండాలి, అదీ చివర్లో రావాలి.